ముకాబలా కాని అధ్యాయం

ఆ కబురు నాకు మొదట తెచ్చింది పూలామె. పొద్దున నాంపల్లిలో మా ఇంటికి దేవుడి పూలు ఇచ్చి, ఆ తరువాత అబిడ్స్ దగ్గర మా అన్న చదివే లా కాలేజీ గేటు ముందు మల్లెమూరలు అమ్ముకునేది. ఆ రోజు మధ్యాహ్నమే, గంపలో పూలు ఉండగానే, వచ్చి మా గడప మీద కూర్చుంది.

"మీ అన్న పేరు బోర్డు మీద ఎక్కించిన్రమ్మా" అంది. "పోరగాండ్లంత గుంపు కట్టి చూస్తున్నరు. ఒక్క మీ అన్న పేరేనట, ఇంకెవ్వరిది లేదట."

ఆమెకు చదువు రాదు. నాకు వచ్చు; అయినా నేనూ ఆమె అనుకున్నట్టే అనుకున్నాను. మొదటి ఏడాది పరీక్షల ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజులవి. వదిన లోపలి నుంచి గుప్పెడు చక్కెర తెచ్చి ఆమె చేతిలో పోసింది. పూలామె ఒక మూర మల్లెలు తెంపి, ఇది మీ దేవునికి నా తరఫున అని చెప్పి వెళ్లిపోయింది. ఆ మూర రాములవారి పటానికి వేసి నేను కర్పూరం వెలిగించాను. సంతోషం మోసుకుని అంత ఎండలో నడిచి వచ్చిన ఆ మనిషి మేలు నేను మరవలేదు. ఆ కర్పూరం వెలిగించిన చేతిని మాత్రం ఇప్పటికీ క్షమించుకోలేను.

అన్న పొద్దు గూకకముందే వచ్చాడు. చెప్పులు విడిచి, పటం మీద మల్లెలు చూసి, ఇయ్యాల ఏం పండుగ అని అడిగాడు. పూలామె తెచ్చిన కబురు వదిన చెప్పింది. కాళ్లు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చుని, మెల్లగా చెప్పాడు. కాంట్రాక్టు చట్టం పరీక్షలో ఆయన జవాబూ, ఆయన ముందు బల్ల మీద కూర్చున్న కుర్రవాడి జవాబూ ఒక చోట మాట తేడా లేకుండా ఒకటిగా ఉన్నాయట. ఉన్న ఆ మాట తప్పట. తప్పు కూడా ఒకటిగా ఉంది కాబట్టి, వెనక కూర్చున్నవాడే ముందువాడి కాగితంలోకి చూసి ఉంటాడని ఆయన ఫలితం ఆపేశారు. కాలేజీ పెద్దల ముందు సంజాయిషీ చెప్పుకోవాలి.

"నలభై ఏండ్ల మనిషి పోరగాని కాగితం చూసి రాస్తడా? వాండ్లకు కండ్లు లేవా?" అంది వదిన.

నేను ఆ తప్పు మాట ఏమిటని అడిగాను. అన్న చెప్పాడు. ఆ మాట నాకు తెలుసు. అది నా చేత్తో రాసిందే.

ఇది అర్థం కావాలంటే అన్న చేసిన పని గురించి చెప్పాలి.

నాకు పదహారేళ్లప్పుడు, పెళ్లయిన పదకొండో నెలలో, నేను ఒంటరినై తిరిగి వస్తే నన్ను చేరదీసింది అన్న. బడి గుమ్మం నేను ఎన్నడూ ఎక్కలేదు. కచేరీ నుంచి వచ్చి, అన్నం తిని, నా ముందు పలక పెట్టి ఆయనే తెలుగు నేర్పాడు, తరువాత ఉర్దూ, ఆ తరువాత ఇంగ్లీషు. ఇంగ్లీషులో నాకు అర్థం సగమే తెలిసేది. రాయడం మాత్రం అచ్చు చూసి అచ్చులా రాయగలను. నాకు తెలిసిన ప్రతి అక్షరం ఆయన పెట్టిన భిక్షే.

ఆయన కోర్టు కచేరీలో నకళ్లు రాసే గుమాస్తా. ఎవరికైనా పాత తీర్పో దస్తావేజో కావాలంటే దాన్ని ఉర్దూలో ఉన్నదున్నట్టు మళ్లీ రాసి ఇవ్వడం ఆయన ఉద్యోగం. రాసినంత మాత్రాన అది నకలు కాదు. ముకాబలా జరగాలి. ఒకరు అసలు కాగితం పైకి చదవాలి, ఇంకొకరు నకలు మీద వేలు పెట్టి వెంట పోవాలి. ఒక్క మనిషే రెండూ చూసుకుంటే అది ముకాబలా కాదు, ఎందుకంటే కన్ను తాను రాసిందే చూస్తుంది అనేవాడు. అదయ్యాక అడుగున 'సరిచూడడమైనది' అని రాసి దస్కతు, అంటే సంతకం, పెట్టాలి. పదహారేళ్ల నౌకరీలో ఆయన దస్కతు పెట్టిన కాగితం ఒక్కటి కూడా తప్పని తిరిగి రాలేదు.

సెలవు రోజుల్లో ఇంటికి తెచ్చిన పాత దస్తావేజులకు నేనే ఆయనకు ముకాబలా తోడు. అప్పుడు నేర్పిన మాట ఒకటుంది. కాగితం అంచున ఏదైనా రాసి, వాక్యం మధ్యలో చిన్న గుర్తు పెట్టి, పక్కన పొట్టి దస్కతు ఉంటే, అది వదిలిపోయి తరువాత చేర్చిన మాట. నకలులో దాన్ని దాని చోటికి తీసుకుపోవాలి. "అంచు మరిచినోడు అసలు మరిచినట్టే" అనేవాడు. ఆ మాట నాలో సంధ్యా మంత్రంలా నిలిచిపోయింది.

పోలీసు యాక్షన్ అయ్యాక మెల్లమెల్లగా కోర్టుల్లోకి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూ కలం పక్కన టైపు మిషన్లు కూర్చున్నాయి. అన్నను రికార్డు గదికి పంపారు, కట్టలు దులిపి సర్దడానికి. నాలుగు నెలలు దులిపాడు. ఒక రోజు వచ్చి రాజీనామా ఇచ్చానన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఉర్దూలో చదివిన బి.ఎ. ఉంది కదా, లా చదువుతానన్నాడు.

"ఇన్నేండ్లు ఒగలు మాట్లాడింది కింద కూసొని రాసిన. ఒక్కసారి నిలబడి నేను మాట్లాడాలె" అన్నాడు వదినతో. వదిన బేగం బజార్ పోయి కోటుకని నల్ల బట్ట కొనుక్కొచ్చింది. పట్టా చేతికొచ్చినాడే కుట్టిద్దామని పెట్టెలో దాచింది. ఆయనకు కావలసింది అంతే. అదే కచేరీలో, అదే జడ్జీ ముందు, నల్ల కోటుతో ఒక్కసారి నిలబడడం.

క్లాసులో అందరూ ఇరవై ఏళ్లకు అటూ ఇటూ వాళ్లు. మొదటి రోజు హాజరు పట్టీలో పేరు పిలవగానే, కచేరీ అలవాటు కొద్దీ లేచి నిలబడి చేతులు కట్టుకుని "హాజిర్ హై హుజూర్" అన్నాడట. క్లాసంతా నవ్విందట. ఆనాటి నుంచి పిల్లలకు ఆయన చాచా. నోటుబుక్కు చివరి పేజీ నుంచి మొదలుపెట్టాడని ఇంకో నవ్వు. కుడి నుంచి ఎడమకు రాసిన చేయి కదా. మాస్టరు చెప్పేది ఒక్క ముక్క వదలకుండా రాసేవాడు. మధ్యలో మాస్టరు ఎవరినో కోప్పడితే అదీ రాసేవాడు. ఆ నోట్సు చూసి నేనూ వదినా నవ్వుకున్న సాయంత్రాలున్నాయి. ఇంట్ల ఇద్దరు చదువుకునేటోళ్లు, వండేదాన్ని నేనొక్కదాన్ని అని వదిన దెప్పేది. దేవుడు మాకు నవ్వులు ఇవ్వలేదని నేను ఎన్నడూ అనను.

పుస్తకాలు కొనే స్థితి మాకు లేదు. కోఠీ వైపు ఇల్లున్న ఒక కుర్రవాడు, పరీక్షలో అన్న ముందు బల్ల వాడే, తన కాంట్రాక్టు పుస్తకం రెండేసి రోజులు ఇచ్చేవాడు. చాచా, నూనె చేతులతోటి ముట్టకున్రి అని నవ్వుతూ ఇచ్చేవాడట. ఆ రెండు రోజుల్లో నేను ఒక అధ్యాయం రాసేదాన్ని. పొద్దున దీపం పెట్టి, సహస్రనామం చదువుకుని, వంటలో వదినకు సాయం చేసి, కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దు గూకే వరకు రాసేదాన్ని. అన్న వచ్చాక ఆయన పుస్తకం చదువుతుంటే నేను నకలు మీద వేలు పెట్టేదాన్ని. ప్రతి అధ్యాయం కింద ఆయన కచేరీలో పెట్టినట్టే దస్కతు పెట్టేవాడు. ఆ తరువాతే దాన్ని కంఠతా పట్టేవాడు. ఆయన చదువు పద్ధతి అదొక్కటే.

మైనర్ల అధ్యాయం వచ్చిన రోజు ఏకాదశి. పద్దెనిమిదేళ్లు నిండనివాడు చేసుకున్న ఒప్పందం చెల్లదని చెప్పే అధ్యాయం అది. అంతకుముందు దాకా పుస్తకం అంచులు శుభ్రంగా ఉండేవి. ఇందులో ఒక చోట ఊదా సిరాతో, వయసు దాచి అబద్ధమాడిన మైనరు మాత్రం ఆ ఒప్పందానికి కట్టుబడాలి అని ఉంది. వాక్యం మధ్యలో గుర్తు. పక్కన పొట్టి దస్కతు. కుర్రవాడు తనకు తోచింది రాసుకుని, కాబోయే వకీలు కదా, దస్కతు సాధన చేసుకున్నాడు. చట్టం చెప్పేది దానికి సరిగ్గా ఎదురు. నాకేం తెలుసు? వదిలిపోయిన మాట అనుకున్నాను. అన్న నేర్పిన ప్రకారం దాని చోట్లో చేర్చాను, పొందికగా, అతుకు కనబడకుండా.

ఆ సాయంత్రం అన్న ఆలస్యంగా వచ్చాడు. పుస్తకం వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి. అదే సాయంత్రం దగ్గర్లోని గుడిలో పురాణం ఉంది. ఏడాదికొకసారి వచ్చే శాస్త్రిగారు. నాకు పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"ముకాబలా చెయ్యాలె కద" అన్నాడు అన్న.

"నేను చూసిన. రెండు మార్లు చూసిన" అన్నాను.

నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన నా మొహం చూసి, దస్కతు పెట్టి, పుస్తకం తీసుకుని పోయాడు. నేను తలారా పైట కప్పుకుని పురాణానికి పోయాను. దేవుడి కథ వినడానికి అబద్ధమాడిన దాన్ని నేను.

బోర్డు మీద పేరు ఎక్కిన సాయంత్రం నోటుబుక్కు తెచ్చి ఆ పేజీ ఆయన ముందు పెట్టి ఇదంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఆ పేజీ చూశాడు. వాక్యం కాదు, అడుగున తన దస్కతును చూశాడు. నేను పెద్దల ముందుకు వచ్చి చెప్తానన్నాను. నిన్ను పదిమంది ముందల నిలబెట్టి నేను వకీలునైతనా అన్నాడు. తిట్టమని అడిగాను.

"నువ్వు చెప్పింది నువ్వు చెప్పినవు. చూడకుండ దస్కతు పెట్టింది నేను" అన్నాడు.

విచారణలో కుర్రవాడు తాను ఎవరికీ పుస్తకం ఇవ్వలేదన్నాడట. అన్న నోటుబుక్కు చూపించాడు. ఇది ఎవరి రాత అని అడిగారు. మా చెల్లెలిది అన్నాడు. ఆమె ఎంతదాకా చదివిందన్నారు. ఇంట్లో చదివిందన్నాడు. ఒకాయన నవ్వాడట. దీన్ని మీరు అసలుతో సరిచూశారా అని ఇంకొకాయన అడిగాడు. అప్పుడు ఔనంటే ఏమయ్యేదో నాకు తెలియదు. "దస్కతు నాదే. చూడలేదు" అని చెప్పి వచ్చాడు. ఒక నోటుబుక్కులో ఉన్న మాట పరీక్ష తరువాత కూడా రాసి ఉండవచ్చని రాసి, రెండేళ్లు పరీక్షలకు కూర్చోకూడదన్నారు.

అన్న కోఠీలో ఆ కుర్రవాడి ఇంటికి పోయాడు. కుర్రవాడు గుమ్మం దాటి బయటికి రాలేదట. పుస్తకం అమ్మేసినాననీ, మా నాయన లోపల ఉన్నడు, మీరు పోన్రి చాచా అనీ అన్నాడట. నాకు కోపం వచ్చింది. అన్నకు రాలేదు. వానికి ఇరవై ఏండ్లు లేవు, భయపడ్డడు అన్నాడు. నేనూ తరువాత ఆలోచించాను. ఏడాది పొడుగునా తన పుస్తకం మాకు ఇచ్చింది అతడొక్కడే. ఆ రుణం రుణమే.

అమ్మిన పుస్తకం ఎక్కడికైనా పోతే అబిడ్స్ ఫుట్‌పాత్ మీదికే రావాలి. ఆదివారం దుకాణాలు మూసి ఉన్నప్పుడు గోనెపట్టాల మీద పాత పుస్తకాలు పరిచేవారు. ప్రతి ఆదివారం అన్నా నేనూ నడిచి పోయేవాళ్లం. మా దగ్గర వెతుక్కోవడానికి ఒక్క ఊదా సిరా గుర్తు తప్ప ఏమీ లేదు. ఒకే రకం కాంట్రాక్టు పుస్తకాలు ఎన్ని విప్పామో, ఎన్ని మూశామో. ఒక ముసలి అమ్మకందారు మమ్మల్ని గుర్తుపట్టి, కొనకుంటే ఏంది, చూస్కోన్రి అని పుస్తకాలు మా ముందుకు జరిపేవాడు. ఆయనకు కూడా దేవుడు మేలు చేయాలి.

వానాకాలంలో ఒక ఆదివారం అది నా చేతికే దొరికింది. మొదటి పేజీ, పేరున్న పేజీ, బ్లేడుతో కోసేసి ఉంది. మైనర్ల అధ్యాయం విప్పాను. ఊదా సిరా. గుర్తు. పొట్టి దస్కతు. పుస్తకం కళ్లకు అద్దుకున్నాను. ఆ రోడ్డు మీదే ఏడ్చాను. దేవుడు నా అబద్ధాన్ని మన్నించి అసలును నా చేతికే ఇచ్చాడని అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి వదిన పెట్టెలోంచి నల్ల బట్ట తీసి ఎండ లేకపోయినా దండెం మీద వేసింది, ముక్కిన వాసన పోవాలని.

సోమవారం అన్న కాలేజీ ఆఫీసుకు పుస్తకం పట్టుకుని పోయాడు. అక్కడి హెడ్ గుమాస్తా చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి, పుస్తకం మొత్తం తిప్పి చూశాడట. ఎవరి పుస్తకమో పేరు లేదు. ఈ రాత పరీక్షకు ముందు రాసిందో, నిన్న రాసిందో ఎవరు చెప్తారని అడిగాడట.

అన్న తిరిగి వచ్చి ఆ మాట చెప్పి, "ఆయన అడిగింది సరైన మాటనే. జడ్జీ జాగల నేనున్నా గదే అడుగుతుంటి" అన్నాడు. ఆ మాటతో మా ఇంట్లో ఆశ అయిపోయింది. ఎవరైనా అన్యాయం చేసి ఉంటే పోట్లాడేవాళ్లమేమో. ఆయన తన తీర్పు తానే చదివి వచ్చాడు.

వదిన దండెం మీది బట్ట తీసి మడత పెట్టింది. అన్న మొహం కడుక్కుని వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"చెల్లె, నోటుబుక్కు తే. ముకాబలా చేద్దాం."

నేను నోటుబుక్కు తెచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన పుస్తకం చదివాడు. నేను వేలు పెట్టి వెంట పోయాను. ఆయన గొంతు కచేరీ గొంతే, ఎగుడుదిగుడు లేకుండా. ఆ వాక్యం దగ్గరికి వచ్చాక అచ్చులో ఉన్నదే చదివి ముందుకు పోయాడు. నా వేలు ఆగిపోయింది. ఆయనా ఆగాడు. నోటుబుక్కు తన వైపు తిప్పుకుని, నేను చేర్చిన మాట మీద ఒక్క గీత గీసి, పక్కన పొట్టి దస్కతు పెట్టాడు. మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చదివాడు. అడుగున ఉన్న పాత దస్కతును కొట్టేసి, దాని కింద 'సరిచూడడమైనది' అని కొత్తగా రాసి దస్కతు పెట్టాడు. సిరా ఆరేదాకా పేజీ మూయలేదు.

ఆ పుస్తకం మళ్లీ ఎవరికీ చూపించలేదు. రెండేళ్లు గడిచాయి. పోయి చేరమని వదిన చెప్పింది, నేను కాళ్లు పట్టుకున్నాను. ఆయన నవ్వేవాడు, అంతే. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వరండాలో కూర్చుని ఉర్దూ ఉత్తరాలు రాసిపెట్టేవాడు. రాసిన ప్రతి ఉత్తరం రాయించుకున్నవారికి పైకి చదివి వినిపించాకే మడత పెట్టేవాడట. పక్కన కూర్చున్నవాళ్లు ఆయన నాలుగు రాసే లోపల ఎనిమిది రాసేవారట.

తెలుగు రాష్ట్రం ఏర్పడిన ఏడాది చలికాలంలో జ్వరం వచ్చి, దవాఖానలో తొమ్మిది రోజులు ఉండి, పోయాడు. కోర్టు ముందు నుంచే ఆయన్ని తీసుకుపోయారు. ఆ దారి తప్ప వేరే దారి లేదు. వదిన తన పుట్టింటికి పోతూ నల్ల బట్ట నా చేతిలో పెట్టింది. నోటుబుక్కునూ, మొదటి పేజీ లేని ఆ పుస్తకాన్నీ అందులో కట్టి రాములవారి పటం కింద పెట్టాను. ఏకాదశి నాడు పురాణానికి పోవడం మానుకున్నాను. దేవుడి మీద అలిగి కాదు. నాకు ఇన్ని అక్షరాలు ఇచ్చినందుకు, ఇంతటి మనిషి ఇంట్లో ఉంచినందుకు, రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. ఏకాదశి సాయంత్రం మాత్రం ఇంట్లోనే, ఆ మూట ముందు కూర్చుంటాను.

మీ ఇళ్లలో పాత పెట్టెల్లో ఉర్దూలో రాసిన కోర్టు నకళ్లు ఉండే ఉంటాయి. మీ తాతల భూమిదో, ఇంటి వాటాదో. ఇప్పుడు వాటిని చదివేవారు ఉండకపోవచ్చు. పారేసే ముందు ఒక్కసారి అడుగున చూడండి. ఎవరూ చూడని చోట ఒక దస్కతు ఉంటుంది. అది మా అన్నది కావచ్చు, కాకపోనూ వచ్చు. పేరు నేను చెప్పను. ఆయనదైతే అక్కడ ఉంటుంది. పైనున్న ప్రతి మాటా ఇంకొకరు పైకి చదువుతుంటే విని, సరేననుకున్నాకే పెట్టిన దస్కతు అది. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి నా వల్ల. మిగతావాటి కోసం ఆయన్ని తలుచుకోండి.